అవ్వ మోకాళ్ల తీపులు

నాకు కోపం ఎక్కువ. ఇది దాచుకునే సంగతి కాదు, దాచినా దాగదు. హోసూరులో నేను పనిచేసిన నర్సింగ్ హోములో నా వెనకాల నన్ను 'మిరపకాయ సిస్టర్' అనేవాళ్లు. ముఖం మీద అనే ధైర్యం ఒక్కరికే ఉండేది, మా అవ్వకి. అదీ ముద్దుగా ఏం కాదు. "ఏమే మిరపకాయా, యాడికి పోతా ఉండావు?" అని వీధి వీధంతా వినేటట్టు అరిచేది.

నన్ను పెంచింది ఆమే. నాకు ఊహ తెలిసేనాటికే అమ్మ లేదు. అమ్మ అమ్మే నాకు అమ్మ అయింది. తమిళనాడులో కృష్ణగిరి వైపుండే పోచంపల్లికి మూడు మైళ్ల దూరంలో మా పల్లె. ఇంట్లో అవ్వ, మా మామ, అత్త ఉండేవాళ్లు. నేను బెంగళూరులో నర్సు చదువు చదివి హోసూరులో ఉద్యోగంలో చేరాను. డెబ్భైల చివరి ఏళ్లవి, హోసూరులో అప్పుడప్పుడే ఫ్యాక్టరీలు లేస్తున్నాయి. వేలు నలిగినవాడో, కంట్లో ఇనుప రజను పడ్డవాడో రోజుకొకడైనా వచ్చేవాడు. నెలకొకసారి సెలవు దొరికితే కృష్ణగిరిలో బస్సు మారి పల్లెకు పోయేదాన్ని.

అవ్వకి పోచంపల్లి వారం సంతలో ఒక జాగా ఉండేది. ఉప్పు అమ్మేవాళ్ల వరసకీ తాళ్లు అమ్మేవాళ్ల వరసకీ నడుమ, నాలుగు మూరల నేల. తాత పోయిన ఏడు మొదలుకొని ఆమె అక్కడే గోనెపట్ట పరుచుకుని చింతపండు, అనపగింజలు, ఎండుమిరపకాయలు అమ్మేది. ఇంట్లో ఆమె ఉత్త ముసలమ్మ. కోడలు పెట్టింది తినాలి, కొడుకు చెప్పింది వినాలి. సంతలో మాత్రం ఆమె 'చింతపండమ్మ'. ఊళ్లూళ్ల నుంచి వచ్చేవాళ్లు ఆమెను వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. వారానికి ఆ ఒక్కరోజూ మా అవ్వ ముఖం చూడాలి, కొత్తపెళ్లికూతురు కూడా అంత వెలగదు.

ఆ సంతలో ఒక కట్టుబాటు ఉండేది. కాగితం మీద ఎక్కడా లేదు, కానీ అందరికీ తెలుసు. వరసగా మూడు వారాలు మనిషి రాకపోతే ఆ జాగా పోయినట్టే, ఎవరైనా గోనెపట్ట పరుచుకోవచ్చు. చావైనా, పెళ్లయినా, కాన్పయినా సరే, మూడు వారాలే గడువు. కొడుకునో కోడలినో బదులు కూర్చోబెడితే జాగా వాళ్లదైపోతుంది తప్ప మనది కాదు. అన్నేళ్లలో అవ్వ ఒక్కవారం కూడా తప్పలేదు. ఆమె మోకాళ్లు తప్పించబోయినాయి.

మోకాళ్ల సంగతి ఆమె మొదట నాతోనే చెప్పింది. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే కూడా నాకు సిగ్గుగా ఉంది. నేను ఊరికి పోయిన ఒక సాయంత్రం కాళ్లు చాపుకుని కూర్చుని, "పాపా, కాళ్లు శానా ఇది చేస్తా ఉండాయే," అనింది. నేను పొద్దుటి నుంచి రెండు బస్సుల్లో నిలబడి వచ్చినదాన్ని.

"ఈ వయసులో నొప్పులుండక ఏమైతాయి? గమ్మునుండవ్వా. ముసిలోళ్లందరికీ ఉండేదే."

అంతే. ఆమె గమ్మునుండిపోయింది. పెరటి చెట్టు మందుకు రాదంటారు. ఈ చెట్టు మందుకు రాకపోవడమే కాదు, దగ్గరికొచ్చిన మనిషిని గీరి పంపింది.

తరువాత జరిగింది నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. కొంత అవ్వ చెప్పింది, కొంత డాక్టరు చెప్పాడు. ఇద్దరూ నవ్వులాపుకోలేక చెప్పారు కాబట్టి వరస పెట్టి నేనే రాస్తున్నాను.

అవ్వ ఎవరికీ చెప్పకుండా కృష్ణగిరిలో బస్టాండుకి దగ్గరగా కొత్తగా తెరిచిన ఒక చిన్న ఆసుపత్రికి పోయింది. అక్కడి డాక్టరు తిరునల్వేలి వైపు నుంచి వచ్చిన కుర్ర తమిళాయన. ఈ సీమలో తెలుగువాళ్లు ఎక్కువని ఎవరో చెబితే పాపం ఒక పుస్తకం కొనుక్కుని తెలుగు నేర్చుకుంటున్నాడు. మా అవ్వకి సంతలో బేరమాడేంత తమిళం ధారాళంగా వచ్చు. కానీ ఆయన ఒప్పుకోలేదు. తెలుగు మనిషి దొరికితే తెలుగే మాట్లాడాలని ఆయన పట్టుదల.

"అమ్మా, మీ దేహమునందు ఏమి బాధ కలదు?" అని అడిగాడట.

అవ్వ నోరు తెరుచుకుని చూసి పక్కనున్న ఆమెతో, "ఈయప్ప మాట్లాడేది తెలుగా, పురాణమా?" అని అడిగి, తరువాత ఆయనకు జవాబు చెప్పింది. "తీపులప్పా. మోకాళ్లంతా తీపు. ఒగోనాడు ఒళ్లంతా తీపే."

మా వైపు కండరాలు లాగి పీకి, ఎముకల్లోంచి వచ్చే నొప్పిని తీపు అంటాము. ఆయన పుస్తకంలో మాత్రం తీపు అంటే ఇనిప్పు, అంటే మిఠాయిలో ఉండే తీపి. ఆయన ఉలిక్కిపడ్డాడు. ఒళ్లంతా తీపు అని ఒక పల్లెటూరి ముసలమ్మ తనంత తానే చక్కెర రోగం పేరు చెబుతోంది!

"నీళ్లు అధికముగా త్రాగుదురా?"

"తాగకుండా ఎట్లప్పా, ఎండ చూడు."

"మూత్రమునకు పలుమార్లు పోవుదురా?"

"తాగినాక పోకుండా ఉంటారా?"

ఇంకేం కావాలి? మరునాడు పొద్దున ఒక శుభ్రమైన సీసాలో మూత్రం పట్టి తెమ్మన్నాడు. అవ్వ తెచ్చింది. ఇంట్లో మూతున్న సీసా ఒకటే ఉంది, అది కొండ తేనె పోసుకున్న సీసా. "కడగలేదా అవ్వా?" అని తరువాత నేనడిగితే, "కడిగేదెందుకే, చీరకొంగుతో తుడిచినాను గదా," అనింది. ఆ రోజుల్లో మూత్రంలో నీలం మందు పోసి కాచేవాళ్లు. చక్కెర లేకుంటే నీలం నీలంగానే ఉంటుంది, ఉంటే ఆకుపచ్చకో పసుపుకో మారి చివరికి ఇటుక రంగుకి తిరుగుతుంది. అవ్వ సీసా ఒకేసారి ఇటుక రంగుకొచ్చింది. అంత చక్కెర తన చదువులో ఎప్పుడూ చూడలేదన్నాడు డాక్టరు. ఆయన చూసింది కొండ తేనె!

అవ్వకి తీపి నిషేధం పడింది. మాత్రలు మాత్రం ఇంకోసారి పరీక్ష చేసి చూసి ఇస్తానన్నాడు. ఆ ఒక్క జాగ్రత్తకు నేను ఆయనకు ఈనాటికీ దండం పెడతాను. నిషేధం పడింది ఏ కాలంలో అనుకున్నారు? మామిడి కాలంలో! కృష్ణగిరిలో బస్సు దిగితే గంపలు గంపలుగా మామిడిపండ్లు, ఊరంతా అదే వాసన. మా మామ మంచివాడే, కానీ డాక్టరు మాటంటే వేదవాక్కు. ఇంట్లో ఉన్న పండ్లన్నీ అటక మీదికి ఎక్కించి నిచ్చెన తీసేశాడు. కాఫీలో బెల్లం బంద్ అయింది. అవ్వ కాఫీ లోటాలోకి చూసి, "ఇది కాఫీనా, కాటుక కడిగిన నీళ్లా?" అని రోజూ అడిగేదట.

ఇంత తమాషా నడుస్తున్నా ఆమె మోకాళ్ల నొప్పికి మాత్రం ఎవరూ ఏమీ ఇవ్వలేదు. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

అంతలో మామ దగ్గర నుంచి నాకు ఇన్‌లాండ్ లెటర్ వచ్చింది. 'అమ్మకు చక్కెర జబ్బు. తల తిరిగి ఈ వారం సంతకు పోలేదు. ఇకమీదట మాన్పించాలని ఉన్నాము.' చదివి నేను సెలవు చీటీ కూడా సరిగ్గా రాయకుండా బస్సెక్కాను. చక్కెర జబ్బుకు కాదు నేను భయపడింది. అవ్వ సంతకు పోలేదంటే ఏదో పెద్దదే అయి ఉండాలి.

ఇంటికి పోయేసరికి అవ్వ గోడకానుకుని కూర్చుని ఉంది. ముఖం పాలిపోయి ఉంది. నన్ను చూసి 'మిరపకాయా' అనలేదు. సంచి గడపలోనే పడేసి ఆమె పక్కన కూలబడ్డాను.

"డాక్టరుతో ఏం చెప్పినావవ్వా?"

"ఉండేదే చెప్పినాను. మోకాళ్లు తీపులప్పా అని."

"ఆయన ఏ భాషాయన?"

"అరవాయన. కానీ తెలుగులోనే అడిగినాడు లే."

నాకు వెలిగింది. ముందు నవ్వొచ్చింది, పొట్ట పట్టుకుని నవ్వాను. మామ, అత్త ఏమైందోనని పరుగెత్తుకొచ్చారు. ఆ వెనకే కోపమూ వచ్చింది. రేపు పొద్దున ఆ డాక్టరు సంగతి తేలుస్తానని శపథం చేసి పడుకున్నాను.

మరునాడు అవ్వను తీసుకుని ఆసుపత్రిలోకి గాలివానలా దూరాను. తీపంటే ఏమిటో, ఎన్ని రకాల నొప్పులున్నాయో, పుస్తకాలు చదివి మనుషుల ప్రాణాలతో ఆడుకునేవాళ్లను ఏమనాలో ఒకే ఊపిరిలో చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడి అంతా విన్నాడు. నేను ఆగాక, "మీరు చెప్పినది సగమే అర్థమైనది. కానీ తప్పు నాది అని మాత్రము తెలిసినది," అన్నాడు. అట్లాంటి మనిషి మీద ఎంతసేపని కోప్పడతాం? కొత్త సీసా ఇచ్చి మళ్లీ పరీక్ష చేశాడు. నీలం నీలంగానే ఉంది. పాత సీసా ఏమిటని ఆరా తీస్తే తేనె బయటపడింది. ఆయన తల పట్టుకుని నవ్వాడు, అవ్వ నవ్వింది, కాంపౌండరు నవ్వాడు. "అయితే మామిడిపండు తినొచ్చునా సామీ?" అని అవ్వ వెంటనే అడిగింది. ఆమెకు అదే ముఖ్యం.

నవ్వులయ్యాక ఆయన మళ్లీ కూర్చుని ఈసారి తమిళంలో, నెమ్మదిగా అడిగాడు. "చక్కెర లేదు. మరి ఈ పాలిపోవడం ఎందుకు? తల ఎందుకు తిరిగింది?" అవ్వను బల్ల మీద పడుకోబెట్టి పొట్ట మీద వేళ్లతో నొక్కాడు. ఒకచోట ఆమె పళ్లు బిగబట్టింది. విరేచనం ఏ రంగులో అవుతోందని అడిగాడు. అవ్వ నా వైపు చూసి, తల తిప్పుకుని, "నల్లగా. తారు మాదిరి," అనింది.

నాకు నవ్వంతా ఆవిరైపోయింది. అది కడుపులో రక్తం కారుతున్న గుర్తు. నర్సింగ్ చదివిన ఎవరికైనా తెలుస్తుంది.

"నొప్పికి ఈమె ఏం వాడుతోంది?" అని డాక్టరు నన్నడిగాడు.

"ఏమీ లేదు," అన్నాను ధీమాగా. "నేను నర్సును. మా ఇంట్లో ఏం వాడతారో నాకు తెలియదా?"

ఆయన నాతో వాదించలేదు. అవ్వ వైపు తిరిగి, కోపం లేకుండా, తొందర లేకుండా అడిగాడు. అవ్వ నడుముకున్న వక్కాకు సంచి విప్పి బల్ల మీద బోర్లించింది. రెండు తమలపాకులు, వక్కలు, సున్నం డబ్బా పడ్డాయి. వాటితో పాటు తెల్ల బిళ్లలు, పొట్లాల్లో పొడి, నల్లటి గుళికలు కూడా రాలాయి. తెల్లవి మా ఊరి శెట్టి అంగడిలోవి, తలనొప్పి బిళ్లలు. పొట్లాలు కృష్ణగిరి మందులంగడిలోవి. గుళికలు సంతలో నొప్పినూనె అమ్మేవాడు ఇచ్చినవి. ఒకటి తగ్గించకపోతే ఇంకోటి, అదీ చాలకపోతే మూడోదీ వేసుకుంటూ వచ్చింది. పరగడుపున కాఫీతో!

డాక్టరు బిళ్లల అట్ట మీదివీ పొట్లం మీదివీ చిన్న అక్షరాలు చదివి నాకు చూపించాడు. రెండింటిలోనూ ఉన్నది ఒకటే మందు, ఆస్పిరిన్. రంగు వేరు, అంగడి వేరు, మందు ఒకటే. అది మితిమీరి కడుపులో పుండు చేసింది. గుళికల్లో ఏముందో దేవుడికే తెలియాలి. "పేరు లేని మందు ఎంత మంచిదైనా వద్దు," అని వాటిని చెత్తబుట్టలో వేశాడు.

"ఎందుకు చెప్పలేదవ్వా నాకు?" అన్నాను. గొంతు పెంచాలని అనలేదు, పెరిగింది.

"నీకి చెప్తే తిడతావు. మీ మామకి చెప్తే సంతకి పోవద్దంటాడు. బిళ్లయితే తిట్టదు గదే," అనింది అవ్వ.

నేను ఏడ్చేశాను. డాక్టరు ముందు, కాంపౌండరు ముందు, బయట వరసలో ఉన్న పదిమంది ముందు. ఏ నొప్పికి ఏ మందో నాకు తెలుసు. నొప్పి చెప్పుకోవడానికి వచ్చిన మనిషిని కూర్చోబెట్టుకోవడం తెలియలేదు.

ఆ సాయంత్రమే అవ్వను హోసూరుకి తీసుకొచ్చి మా నర్సింగ్ హోములో చేర్చాను. మా డాక్టరమ్మ ఆస్పిరిన్ పూర్తిగా ఆపించి, కడుపు పుండుకు మందిచ్చి, రక్తం పట్టడానికి వేరే మందిచ్చింది. నాలుగైదు రోజుల్లో అవ్వ ముఖంలోకి రంగొచ్చింది. రంగుతో పాటు నోరూ వచ్చింది. ఆ వారం సంత కూడా పోయింది. రెండు వారాలు తప్పినట్టు. మంచం మీద నుంచి అవ్వ రోజూ, "ఈ పొద్దు ఏం వారమే?" అని అడిగేది. ఎందుకడుగుతోందో నాకు తెలుసు.

పక్క మంచంలో ఆపరేషన్ అయిన ఒకామె ఉండేది. నోరెత్తి ఏమీ అనదు. కుట్లు వేశాక నొప్పి ఉండదా, ఓర్చుకుంటోందిలే అని నేను అటూ ఇటూ తిరుగుతున్నాను. అవ్వ కేకేసింది.

"ఏమే మిరపకాయా! ఆయమ్మ దిండు కొరుక్కుంటా ఉండాది. సూది ఏసే యేళ అయిందో లేదో చూడు!"

చీటీ చూస్తే వేళ అయి గంట దాటింది. పరుగెత్తాను. నొప్పికిచ్చే సూది ముందు వేస్తే ప్రమాదం, ఆలస్యమైతే నరకం, అందుకే గడియారం చూసి వేయాలి, వేసింది రాయాలి. ఇది నేను కొత్త నర్సులకు పాఠంగా చెప్పేదాన్ని. మా అవ్వ చదువు లేకుండానే నాకు అప్పజెప్పించింది. ఆ రోజు నుంచి ప్రతి మంచం దగ్గరా ఆగి, "నొప్పి ఎట్లుంది, యాడుంది?" అని నేనే అడగడం మొదలుపెట్టాను. అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా, అడగందే మా ఆడవాళ్లు నొప్పి కూడా చెప్పరు.

కృష్ణగిరి డాక్టరు ఒక కార్డు రాశాడు, 'అమ్మ ఎట్లున్నది? నొప్పి మాటలు అన్నియు వ్రాసి పంపవలెను' అని. నేను కాగితం, పెన్ను పట్టుకుని అవ్వ పక్కన కూర్చున్నాను. ఆమె చెబుతూ పోయింది. సూదితో పొడిచినట్టుంటే పోటు. కొట్టుకుంటా ఉంటే సలుపు. లాగితే గుంజు. ఎముకలోంచి వస్తే తీపు. చీమలు పాకితే తిమ్మిరి. నిప్పు పెట్టినట్టుంటే మంట. "ఇవన్నీ నీకుండాయా అవ్వా?" అంటే, "ఒగదాని తరవాత ఒగటి అన్నీ వచ్చి పలకరించి పోయినాయి," అనింది గొప్పగా. ఎదురుగా తమిళంలో అర్థాలు రాసి పంపాను. ఆయన దాన్ని అట్టకు అంటించి తన బల్ల ఎదురుగా తగిలించాడట.

డాక్టరమ్మ అవ్వ మోకాళ్లకు కొత్త పద్ధతి చెప్పింది. కడుపుకు హాని చేయని వేరే బిళ్ల, తిన్న తరువాతే, రోజుకు నాలుగుకు మించకూడదు. పొద్దున వేణ్ణీళ్ల కాపడం. కుర్చీలో కూర్చుని కాలు చాపి పదిదాకా లెక్కపెట్టి దించడం. నేల మీద గొంతుక్కూర్చోకూడదు. ఇంకెవరు ఏ మందిచ్చినా నాకు చూపించాకే వేసుకోవాలి. అన్నిటికీ అవ్వ తల ఊపింది. చదువు రాని మనిషి నాలుగు బిళ్లలు ఎట్లా గుర్తుపెట్టుకుంటుందని నేను కిందామీదా పడుతుంటే ఆమె దారి ఆమే కనిపెట్టింది. రోజూ పొద్దున ఒక చిప్పలో నాలుగు చింతగింజలు వేసుకునేది. ఒక బిళ్ల మింగితే ఒక గింజ తీసి పక్కన పెట్టేది. చిప్ప ఖాళీ అయితే ఆ రోజుకు బిళ్ల లేదు. దాన్ని చూసి డాక్టరమ్మ తరువాత ఎంతమంది ముసలమ్మలకు చింతగింజలు చెప్పిందో!

మూడో వారం సంత రెండు రోజులుందనగా అవ్వను పల్లెకు తీసుకొచ్చాను. మామ గడపలోనే అడ్డం నిలబడ్డాడు.

"సంతా లేదు, గింతా లేదు. సచ్చి బతికింది. జాగా పోతే పోనీ."

"జాగా పోతే నేనే పోయినట్లప్పా," అనింది అవ్వ. అరవలేదు. మామ గడప వదిలి పక్కకు జరిగాడు.

డాక్టరమ్మ ఒక పూట వరకే కూర్చోవచ్చనిందని, తోడు నేనుంటానని చెప్పాను. మామ నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు గూడా దానికే వంత పాడతా ఉండావా?" అని గొణిగి, చివరికి బండి తనే కట్టాడు. బండిలో నేను ముక్కాలి పీట కూడా వేయించాను. అవ్వ దాన్ని చూసి మండిపడింది.

"కొనేవాళ్లకంటే ఎత్తులో కూసుంటానా? నేనేమన్నా జమీందారమ్మనా?"

"నేల మీద కూసుంటే బండి ఇట్లే తిప్పేస్తాను చూడు."

ఇద్దరం పంతం పట్టి ఊరి పొలిమేర దాకా పోట్లాడుకున్నాము. చివరకు పీట మీద గోనెపట్ట కప్పి, అది పీట కాదన్నట్టు ఇద్దరం నటించేటట్టు ఒప్పందమైంది.

మేము పోయేసరికి ఉప్పు అమ్మే ఆమె చేతిలో మడిచిన గోనెపట్టతో నిలబడి ఉంది. అవ్వను చూసి బుగ్గన వేలు పెట్టుకుంది.

"వచ్చినావా చింతపండమ్మా! మూడో వారం గదా, రాకుంటే పరుస్తామని నేను పట్ట గూడా తెచ్చుకున్నాను."

"పరుచు, పరుచు! నా తల మీద పరుచు!" అని అవ్వ నవ్వుతూ ఆమెను పక్కకు తోసి తన నాలుగు మూరల మీద కూర్చుంది. చుట్టూ ఉన్నవాళ్లు వచ్చి ఒకరి మీద ఒకరు పడి పలకరించారు. అవ్వ తేనె సీసా కథ పదిసార్లైనా చెప్పింది. చెప్పిన ప్రతిసారీ డాక్టరు కొంచెం పొట్టివాడయ్యాడు, సీసా కొంచెం పెద్దదయింది. చింతపండు రుచి చూసేవాళ్లు చూస్తున్నారు, అనపగింజలు దోసిలితో తీసేవాళ్లు తీస్తున్నారు. తాళ్లమ్మే ఆయన మామిడిపండొకటి తెచ్చిస్తే ఆమె చెయ్యంతా రసం కారుస్తూ తినింది. ఆమెను చూస్తూ నేను పక్కన కూర్చుని ఊరికే నవ్వుకుంటున్నాను. అంత సంతోషం నాకు ఆ సంతలో చిన్నప్పుడు కూడా కలగలేదు.

పొద్దు నడినెత్తికొచ్చింది. పూట అయిపోయింది. ఇప్పుడు లేవమంటే పెద్ద రభస అవుతుందని నాకు తెలుసు. ఆ జాగాలో ఆమె ఏనాడూ పొద్దుగూకకముందు లేవలేదు. జ్వరమొచ్చినా, వాన కురిసినా, ఎవరడిగినా 'నాకేం, రాయి మాదిరి ఉండాను' అనేది. నేను మాటలు వెతుక్కుంటున్నాను. ఏ మాట అన్నా అది తిట్టులాగే వస్తుందేమోనని భయంగా ఉంది. చివరకు ఏమీ చెప్పకుండా అడిగాను.

"ఎట్లుందవ్వా?"

అవ్వ ఎదురుగా ఉన్న చింతపండు కుప్ప వైపు చూసింది. ఉప్పమ్మే ఆమె వైపు చూసింది. తరువాత నా వైపు తిరిగింది.

"నొస్తా ఉండాదే పాపా," అనింది. "ఎడమ మోకాలు. ఇంతసేపూ బాగానే ఉండాది, ఇప్పుడు పోటు మొదలైంది. సాలు ఈ పొద్దుకి. ఎత్తుకో, పోదాం."

నేను ఆ మాట తరువాత రావాల్సిన 'ఏం పరవాలేదు' కోసం ఎదురుచూశాను. రాలేదు. ఆమె అంతమంది ముందర, తన జాగాలో కూర్చుని, నొస్తోందని నాతో చెప్పింది. నాకు కళ్లు నిండిపోయాయి. గంప ఎత్తబోయి మళ్లీ దించి కొంగుతో ముఖం తుడుచుకున్నాను.

అవ్వ నన్ను కింద నుంచి మీదికి చూసింది.

"ఏమే," అనింది సంతంతా వినేటట్టు, "నొచ్చేది నాకైతే ఏడ్చేది నువ్వా?"